మెచ్చుకునే గొంతు

పోయినవారం మనం చిన్నోడిని ఆసుపత్రి లిఫ్టు పైకప్పు మీద వదిలేసి వచ్చాం. కొత్త తాళ్ళు బిగిస్తూ ఒంటరిగా కూర్చున్నాడు. కింద చీకట్లోంచి వాళ్ళ నాన్న గొంతు, "బాగా చేశావురా" అంది. నాన్న ఆ సమయానికి ఇంట్లో, మోకాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు.

ఆ గొంతు మనకి కొత్త కాదు. మొదటి కథ చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. లిఫ్టు పనిలో ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు పైకప్పు మీద ఒకడు, అడుగునున్న గుంతలో ఒకడు పనిచేస్తున్నప్పుడు, పైవాడు మీట నొక్కేముందు అరిచి చెప్పాలి. కిందవాడు అదే మాట తిరిగి చెప్పాలి. "దింపుతున్నా" అంటే "దింపు" అని రావాలి. మాట తిరిగొస్తేనే మీట నొక్కాలి. ఒక పాత ఆఫీసు భవనంలో చిన్నోడి నాన్న అలాగే "దింపుతున్నా" అన్నాడు. గుంతలో ఉన్న బావమరిది గొంతు "దింపు" అంది. ఆ మాట బావమరిది అనలేదు. అన్నది వేరే ఏదో అని తెలిసేసరికి లిఫ్టు కిందికి చేరింది. తర్వాత తండ్రీకొడుకులు ఆ లిఫ్టుని ముక్కముక్కలుగా విప్పి తుక్కుకి పంపారు. గొంతు ఆగిపోయింది. అక్కడికి పీడ వదిలిందనుకున్నారు. మనమూ అలాగే అనుకున్నాం.

చిన్నోడు ఇంటి తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చేతుల గ్రీజు చేతులకే ఉంది. స్కూటరు ఎలా నడిపాడో, దారిలో ఎవరెవరు ఏమేం తిట్టారో అతనికి గుర్తు లేదు. ముప్పైకి దగ్గరపడి, నుదుటి మీద జుట్టు వెనక్కి జరుగుతున్నా అందరికీ అతను చిన్నోడే. వాళ్ళ నాన్న పెద్దాయన. లిఫ్టులున్న ప్రతి భవనంలోనూ వాళ్ళని అలాగే పిలుస్తారు.

పెద్దాయన మంచం మీదే ఉన్నాడు. మోకాలి కింద దిండు, ఒళ్ళో విప్పిన ఫ్యాను రెగ్యులేటరు, ముక్కు చివర కళ్ళజోడు. ఊరికే కూర్చుంటే ఆయనకి ఒళ్ళునొప్పులొస్తాయి.

"పనైపోయిందా?"

చిన్నోడు గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. మంచం దిగావా అని అడిగాడు. అడిగినదానికి ముందు నువ్వు చెప్పు అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత ప్రశ్నలు వరసగా వచ్చాయి. మెయిన్ స్విచ్ ఆపావా, ఆపలేదు. పని జరుగుతోందని బోర్డు తగిలించావా, తగిలించలేదు. లిఫ్టు ఎక్కడ వదిలావు, రెండో అంతస్తులో, తలుపు తెరిచే ఉంది. పై తలుపు తాళంచెవి ఏది?

చిన్నోడు జేబులు తడుముకున్నాడు. తాళంచెవి మూడో అంతస్తు తలుపుకే వేలాడుతోంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. అది ఆయన తిట్టడానికి సిద్ధమయ్యే పద్ధతి. నీకు పని నేర్పడం కంటే ఆ మోటారుకి నేర్పితే ఈపాటికి అదే ఇంటికి సంపాదించి తెచ్చేదని మొదలుపెట్టాడు. పసిపిల్లలు తిరిగే చోట తాళంచెవి తలుపుకే వదిలేసి వచ్చావంటే నీ బుర్ర కూడా అక్కడే వేలాడదీసి వచ్చావా అని అడిగాడు. ఇంకా చాలా ఉండేది గానీ చిన్నోడు మధ్యలో అందుకున్నాడు.

"అది మళ్ళీ వచ్చింది నాన్నా."

పెద్దాయన చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. మొహంలో కనిపించింది భయం కాదు, విసుగు. ఎలాగోలా ఖాళీ చేయించిన అద్దెవాడు పెట్టే బేడాతో మళ్ళీ గుమ్మంలో నిలబడితే ఎలా చూస్తారో అలా చూశాడు.

"ఏమంది?"

"బాగా చేశావురా అంది. నీ గొంతుతో."

"నా గొంతయితే నేనే అనుకోవచ్చు కదా. పరిగెత్తుకు రావడం దేనికి?"

"పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నీ నోట ఎప్పుడన్నా విన్నానా నాన్నా?"

పెద్దాయన నొచ్చుకున్నాడు. పైకి చూశాడు, కిటికీలోంచి చూశాడు, ఒక ఉదాహరణ కోసం వెతుక్కున్నాడు. చివరికి దొరికింది. స్కూల్లో ఉన్నప్పుడు నువ్వు సైకిల్ చైను నీ అంతట నువ్వే వేసుకున్నావు, ఆ రోజు మెచ్చుకున్నాను అన్నాడు.

"ఆ రోజు 'పర్లేదు' అన్నావు."

"పర్లేదంటే మరి మెచ్చుకోవడం కాదా?"

చిన్నోడికి నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చినవాడితో ఈ మనిషి పర్లేదుకి అర్థం గురించి వాదిస్తున్నాడు.

వంటగదిలోంచి అమ్మ కలగజేసుకుంది. అటక మీది డబ్బా అందుకోవడానికి స్టూలెక్కి నిలబడి, అక్కడినుంచే మాట్లాడుతోంది. మీ నాన్నని ఊరికే ఆడిపోసుకోకురా, ఆయన మునుపటి మనిషి కాదిప్పుడు అంది. ఆమె గొంతులో కొంచెం సిగ్గు, కొంచెం గర్వం ఉన్నాయి. కాలు నొప్పి వచ్చినప్పటినుంచీ ఏం బుద్ధి పుట్టిందో గానీ, రోజూ వంట చేసేటప్పుడు వెనకాల నిలబడి ఒక మంచి మాట అని వెళ్తున్నారట. కూర బాగా కుదిరింది అంటారట. నీకు ఊపిరి సలపకుండా ఉంది, కాసేపు కూర్చో అంటారట. మొన్నయితే, నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఏమయ్యేదో అన్నారట.

"మొహం చూపించడానికి సిగ్గేమో, వెనకనుంచే అంటారు. నేను తిరిగి చూసేసరికి ఉండరు" అని నవ్వింది.

చిన్నోడు తండ్రి వైపు చూశాడు. పెద్దాయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"ఏమే, మోకాలు వాచాక నేను వంటగది గుమ్మం తొక్కానా?"

పొయ్యి మీద కుక్కరు మూత సన్నగా కొట్టుకుంటోంది. అమ్మ ఇంకా నవ్వు మొహంతోనే ఉంది. ఆ నవ్వుని ఎక్కడ దించాలో తెలియనట్టు డబ్బాని గట్టిగా పట్టుకుంది. చిన్నోడి చూపు ఆమె పాదాల దగ్గరికి, అక్కడినుంచి స్టూలు మీదికి పోయింది. మూడు కాళ్ళ స్టూలు. అంచున ఇత్తడి పట్టీ. పాతకాలంలో లిఫ్టుల్లో మనిషి కూర్చుని అంతస్తులు పిలిచేవాడే, అతనికోసం చేసిన స్టూలు. దాన్ని చిన్నోడు ఇంతకుముందు ఒక్కచోటే చూశాడు. ఆ పాత ఆఫీసు లిఫ్టులో. ఈ ఇంటి పాత సామాన్ల మధ్య ఇన్నాళ్ళూ అది అతని కంట పడలేదు.

"అమ్మా, దిగు. మెల్లగా దిగు." ఆమె దిగాక తండ్రి వైపు తిరిగాడు. "ఇదెలా వచ్చింది ఇంటికి?"

పెద్దాయన రెగ్యులేటరు చేతిలోకి తీసుకుని దానికేసి చూడసాగాడు.

"నాన్నా, నిన్నే. ఆ లిఫ్టులో తీగముక్క కూడా మిగలకూడదన్నావు. ఒక్కొక్క బోల్టూ నాచేత విప్పించావు. తుక్కు బండి వెనకాల నన్ను నడిపించి, కొలిమిలో పడేదాకా నిలబెట్టావు. స్టూలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నావా?"

"అది లిఫ్టులో భాగం కాదు కదరా. స్టూలు." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "గట్టి చెక్క. ఇప్పుడు అలాంటి చెక్క ఎక్కడ దొరుకుతుంది?"

చిన్నోడికి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మంచం కింద పాత బేరింగులు, బాత్రూములో అరిగిపోయిన పట్టాలు, అటక నిండా ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన పుల్లీలు. వీటన్నిటి మధ్యా పెరిగినవాడు. పనికొచ్చే వస్తువుని పారేయడానికి ఈయన చేతులు రావు. మావయ్య ప్రాణం తీసిన దాన్ని కూడా, చెక్క బాగుందని చంకన పెట్టుకొచ్చాడు. ఇంకెవరైనా అయితే దయ్యాన్ని తెలియక తెచ్చుకుంటారు. ఈయన గట్టిదో కాదో తట్టి చూసుకుని మరీ తెచ్చుకున్నాడు.

అమ్మ ఆ స్టూలు మీదే మెల్లగా కూర్చుంది. డబ్బా ఇంకా ఒళ్ళోనే ఉంది.

"అయితే ఆ మాటలన్నీ మీరన్నవి కావన్నమాట."

ఎవర్నీ నిలదీస్తున్నట్టు లేదు ఆమె గొంతు. రాసిపెట్టుకున్న సామాన్లలో ఒకటి తక్కువైతే తనకి తనే చెప్పుకున్నట్టుంది. పెద్దాయనకి ఏదో ఒకటి అనాలని మాత్రం తెలిసింది. కూర బాగానే ఉంటుంది కదే, లేకపోతే రోజూ మానకుండా తింటానా అన్నాడు. ఆమె ఆయన వైపు చూసిన చూపుకి చిన్నోడే తల దించుకున్నాడు.

కానీ అడగక తప్పదు. ఆ గొంతు పని అంతా బదులు మీదే నడుస్తుంది. అది అడుగుతుంది. మనం దాని మాట దానికి తిరిగిచ్చామా, ఆ పని జరిగిపోతుంది. బదులిచ్చినవాళ్ళని అంటిపెట్టుకుని ఎక్కడికైనా వస్తుంది. ఇంటినుంచి ఆసుపత్రికి అది ఎలా వచ్చిందో చిన్నోడికి ఇప్పుడు అర్థమైంది. ఆ మధ్య ఒక పొద్దున బూట్లు వేసుకుంటుంటే, వెనకనుంచి నాన్న గొంతు "జాగ్రత్తగా వెళ్ళిరా" అంది. "వెళ్ళొస్తా నాన్నా" అన్నాడు తను. ఆ రోజంతా ఆ మాట తలుచుకుని లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

"అమ్మా, నువ్వు దానికి బదులిచ్చావా?"

"కట్టుకున్నవాడు పలకరిస్తే పలకనా?"

"ఏమైనా అడిగిందా? పలానాది చేయనా అని?"

అమ్మ చెప్పడానికి ఇష్టపడలేదు. రెండుసార్లు అడిగించుకుని చెప్పింది.

"నిన్నూ నా పనిలోకి తీసుకెళ్ళనా, ఒకసారి చూద్దువుగాని అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో మీరు ఎక్కడ పనిచేస్తారో, మా తమ్ముడు ఎక్కడ పోయాడో నేను కళ్ళతో చూడలేదు. తీసుకెళ్ళండి అన్నాను."

పెద్దాయన మంచం మీదినుంచి లేచాడు. మోకాలు మాట వినక మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు. ఈసారి ఆయన మొహంలో విసుగు లేదు. మంచం కింద సుత్తి కోసం తడుముతూ, లే, ఆ స్టూలు మీదినుంచి లే, దాన్ని ఇప్పుడే ముక్కలు చేస్తాను అన్నాడు.

అమ్మ లేవలేదు.

"ముందు నన్ను విరగ్గొట్టండి, తర్వాత స్టూలు. ఈ ఇంట్లో నాకొక మంచి మాట చెప్పింది అదొక్కటే. దయ్యమో భూతమో, దానికైనా నేను కనిపించాను."

 అప్పుడే ఫోను మోగింది. ఆసుపత్రినుంచి ఆయమ్మ. తెరిచిన లిఫ్టుకి అడ్డంగా కుర్చీ పెట్టాను గానీ, పిల్లలు దాని కిందనుంచి దూరుతున్నారు, మీరొస్తారా లేక నన్నే లిఫ్టు బాగుచేయమంటారా అని గయ్యిమంది. చిన్నోడు నేనొక్కడినే వెళ్ళొస్తానన్నాడు. ఒక్కడివి వెళ్ళడానికి వీల్లేదు, ఆ ముక్క నీకు ఇంకా ఎక్కకపోతే ఈ పని మానేసి తోట పని చూసుకో అని పెద్దాయన అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, ఏమే, నా గొంతుతో ఎవరు పిలిచినా పలకొద్దు అన్నాడు.

"మరి మీరే పిలిస్తే?"

"నేనూ పిలవను."

"అది కొత్తేం కాదులెండి" అంది అమ్మ.

స్కూటరు వెనక పెద్దాయన దారి పొడవునా సణుగుతూనే ఉన్నాడు. ఎండ మీద, రోడ్డు గుంతల మీద, కొడుకు బ్రేకు వేసే పద్ధతి మీద. చిన్నోడికి ఆ సణుగుడు చెవిలో జోరీగలా ఉంది. అయినా అది వినిపించినంతసేపు వెనక కూర్చున్నది నాన్నేనని ధైర్యం. ఆ ధైర్యంలోంచే అతనికి ఆలోచన వచ్చింది. ఆసుపత్రి ముందు స్కూటరు ఆపి చెప్పాడు. కట్టుబాటు మాటలు ఈరోజు వద్దు. 'దింపు' అన్న మాటని అది ఇట్టే తిరిగిస్తుంది. నువ్వు గుంతలో ఉన్నంతసేపు నోరు మూసుకో. బయటికి ఎక్కాక నన్ను తిట్టడం మొదలుపెట్టు. తిట్లు వినిపిస్తే దింపుతాను. ఇన్నాళ్ళూ అది మెచ్చుకోవడమే చేసింది. తిట్టడం దానికి రాదు.

పెద్దాయన ఆలోచించాడు. "తెలివైన ఏర్పాటే" అనబోయాడేమో, పెదాలు కదిలాయి. "చూద్దాం" అన్నాడు.

ఆయమ్మ మెట్ల దగ్గరే ఎదురై ఇద్దర్నీ కలిపి దులిపేసింది. చిన్నోడు ఆమెని బతిమాలుకుని, రెండో అంతస్తు తలుపు దగ్గరే కాపలా ఉండమన్నాడు. నేను పైనుంచి కేకేస్తే ఆ తలుపు మూసేయండి చాలు అన్నాడు. మూడో అంతస్తు తలుపుకి తాళంచెవి వేలాడుతూనే ఉంది. దాన్ని జేబులో వేసుకుని, తలుపు తీసి, లిఫ్టు పైకప్పు మీదికి దిగాడు.

లిఫ్టు గోడల మధ్య చీకటికి ఒక వాసన ఉంటుంది. నూనె, దుమ్ము, పాత ఇనుము. చిన్నోడికి అది నాన్న చొక్కా వాసన. చిన్నప్పుడు ఆ వాసన వస్తే ఆయన ఇంటికొచ్చినట్టు. టార్చీ పళ్ళ మధ్య పట్టుకుని తాళ్ళు బిగించడం మొదలుపెట్టాడు. అన్ని తాళ్ళూ ఒకేలా బరువు మోయాలి. ఒకటి వదులైతే మిగతావాటి మీద పడుతుంది. వేలితో మీటి చూస్తే ఏది వదులో తెలుస్తుంది. ఒక్కోదాన్నీ మీటుతూ, నట్టు తిప్పుతూ, మళ్ళీ మీటుతూ పోయాడు. అడుగున, గుంతలో, నాన్న టార్చీ వెలుగు అటూ ఇటూ కదలడం సందుల్లోంచి కనిపిస్తోంది. ఆయన బరువుల కింది స్ప్రింగులు చూస్తున్నాడు. మోకాలు వంచినప్పుడల్లా ఒక మూలుగు. మాట లేదు.

ఆఖరి నట్టు బిగించాక చిన్నోడు చేయి తుడుచుకుని మీటల పెట్టె దగ్గరికి తీసుకున్నాడు. మూడు మీటలు. ఎక్కించేది, దింపేది, ఆపేది. ఇక లిఫ్టుని అడుగు అంతస్తుకి దింపి, స్విచ్ ఆపేసి, ఇంటికెళ్ళి ఆ స్టూలు సంగతి చూడాలి.

"అయిపోయింది నాన్నా, పైకెక్కు" అని కేకేశాడు.

 కింద టార్చీ ఆరిపోయింది. తర్వాత తిట్లు వినిపించాయి.

"ఎంతసేపురా, తాళ్ళు బిగిస్తున్నావా, జడ వేస్తున్నావా? నిన్ను నమ్ముకుని లిఫ్టెక్కేవాడు ముందు ఇంట్లో చెప్పి రావాలి. బోర్డు తగిలించడం రాదు, తాళంచెవి దాచుకోవడం రాదు, నీకు అన్నం తినడం వచ్చింది, అదే గొప్ప..."

చిన్నోడికి ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. జీవితంలో మొదటిసారి ఆ తిట్లు చెవికి ఇంపుగా తగిలాయి. నవ్వుకుంటూ దింపే మీట మీద బొటనవేలు పెట్టాడు. తలుపు మూయమని ఆయమ్మకి కేకేసి నొక్కడమే తరువాయి. తిట్లు ఆగకుండా వస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తరుముకుంటూ. ఎక్కడా తడబాటు లేదు. మధ్యలో దగ్గు లేదు. మోకాలు నొప్పికి ఆయాసం లేదు.

ఆయాసం లేదు.

గుంతలోంచి బయటికి ఎక్కాలంటే నిటారు నిచ్చెన. ఆ మోకాలితో ఎక్కిన మనిషి, ఎక్కీ ఎక్కగానే ఇంత చక్కగా తిట్టగలడా?

"ఒరేయ్." ఇంకో గొంతు. అదీ నాన్నదే. చీకట్లో చప్పుడుకి దిక్కుండదు, పైనుంచో కిందనుంచో తెలియలేదు. "ఒరేయ్, ఆగు. నేనింకా గుంతలోనే ఉన్నాను. నిచ్చెన రెండో మెట్టు కూడా ఎక్కలేదు. ఆ తిట్టేది నేను కాదురా."

తిట్లు వెంటనే అందుకున్నాయి. చూశావా, నన్ను కాదంటోంది, ఆ దొంగగొంతుని నమ్మి పైనే గూడు కట్టుకుని కూర్చుంటావా, వేలు ఆడించరా సన్నాసీ అన్నాయి.

చిన్నోడి బొటనవేలికి చెమట పట్టింది. తిట్టడం దానికి రాదని తనే అన్నాడు. ఎక్కడ అన్నాడు? స్కూటరు ఆపి, నడిరోడ్డు మీద, గొంతెత్తి అన్నాడు. అదీ తనని అంటిపెట్టుకుని తిరిగే దాని ముందు. నేర్చుకోవడానికి దానికి ఎంతసేపు పడుతుంది? ఇన్నేళ్ళుగా ఇంట్లో తను నేర్చుకున్నది కూడా ఆ తిట్లే కదా.

ఇప్పుడు మెచ్చుకోలూ దానిదే, తిట్లూ దానివే. నాన్నకి మిగిలిందేమిటి?

"నాన్నా, నువ్వే అయితే ఏదైనా చెప్పు" అన్నాడు.  "నువ్వు తప్ప ఎవరూ అననిది చెప్పు."

తిట్లు ఆగాయి. రెండు గొంతులూ ఆగాయి. తర్వాత ఒకటి మెత్తగా, తియ్యగా, "నువ్వు నా బంగారానివిరా, ఎప్పుడూ అనుకునేవాడిని, దింపు" అంది.

రెండోది ముందు దగ్గింది. గొంతు సవరించుకుంది.

"పైనుంచి నువ్వు తాళ్ళు మీటడం వింటున్నాను" అంది. "అన్నీ ఒకే పలుకు పలికాయి. నా చేత కూడా అంత... ఏంటంటే... బాగా చేశావురా. బాగా అంటే, ఎడమ చివరిది ఒక పిసరు ఎక్కువ బిగించావు. ఎప్పుడూ అంతే నువ్వు, చివరికొచ్చేసరికి తొందర. కానీ... బాగానే ఉంది. ఛీ, ఈ మోకాలు."

చిన్నోడు మీట మీదినుంచి వేలు తీసేశాడు. చెయ్యి మొత్తం తీసేసి, ఒళ్ళో పెట్టుకుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా ఊగిపోయాడు. తియ్యగా పొగడటం దానికి వచ్చు. కడిగేసినట్టు తిట్టడం కూడా వచ్చేసింది. మెచ్చుకోబోయి మధ్యలో పాడుచేయడం ఆ మనిషికి తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ రాదు. ఎడమ చివరి తాడుని మీటి చూశాడు. నిజమే. ఒక పిసరు ఎక్కువే బిగించాడు.

ఆపే మీట లోపలికి గట్టిగా నొక్కేశాడు. ఇక ఎవరేమన్నా లిఫ్టు కదలదు.

"తెలిసింది నాన్నా. కాసేపు ఆగి, కంగారుపడకుండా మెల్లగా ఎక్కు. నేను కదిపేది లేదు."

కింద టార్చీ మళ్ళీ వెలిగింది. నిచ్చెన మీద బరువైన పాదం, ఒక మూలుగు, ఆ వెంటనే ఎవరినో తిట్టుకోవడం. ఈసారి అసలు తిట్టు. చిన్నోడు కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చాడు.

అప్పుడు అతని కాళ్ళ కింద, రెండో అంతస్తు తలుపు సర్రున మూసుకుంది.

తను కేకెయ్యలేదే అనుకున్నాడు. ఆయమ్మ తొందరపడిందేమో. "ఆయమ్మా, ఇప్పుడే కాదు" అని అరిచాడు. ఎక్కడో దూరంగా, మెట్ల వైపునుంచి ఆయమ్మ గొంతు వినిపించింది. ఆ తలుపు దగ్గర నేనెందుకుంటాను, మీ అమ్మగారొచ్చి నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళమ్మా అంటే ఇప్పుడే ఇటొచ్చాను అంది.

కాళ్ళ కింద, లిఫ్టు లోపల, చెక్క కాళ్ళు ఇనుప నేల మీద ఆనిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు.

చిన్నోడు బోర్లా పడుకుని, గాలి సందుల్లోంచి లోపలికి చూశాడు. లిఫ్టు మధ్యలో మూడు కాళ్ళ స్టూలు. దాని మీద అమ్మ. భుజం మీద వంటింటి తుండుగుడ్డ అలాగే ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పనిమీద వచ్చిన చుట్టంలా ఒద్దికగా కూర్చుని, తలెత్తి చుట్టూ చూస్తోంది.

"అమ్మా!"

"ఇక్కడేనా మీరు పనిచేసేది?" అంది అమ్మ. "పలకొద్దన్నారు గానీ, నన్ను ఎవరూ పిలవలేదురా. తీసుకెళ్ళనా అని ముందే అడిగారు కదా, మాట ఇచ్చాక రాకపోతే ఏం బాగుంటుంది? తోడుగా ఇంటినుంచీ నడుచుకుంటూనే వచ్చాం."

"అమ్మా, లేచి బయటికి రా. తలుపు తియ్యి. దానికి బదులివ్వకు."

"ఒక్క మాటే అడిగారు. పాపం, తమ్ముడిని చూస్తావా, దింపనా అన్నారు."

కింద నిచ్చెన మీద నాన్న పాదం ఇంకో మెట్టు కోసం తడుముతోంది. ఇంకా గుంతలోనే ఉన్నాడు. చిన్నోడు రెండు చేతులతో ఆపే మీటని అదిమిపట్టాడు.

"నువ్వేమన్నావమ్మా?"

అమ్మ జవాబు చెప్పేలోపే, అతను బిగించిన తాళ్ళన్నీ ఒకే పలుకు పలికాయి. ఎడమ చివరిది ఒక్కటే కొంచెం హెచ్చుగా. లిఫ్టు కిందికి కదిలింది.